పుస్తకంలో లేని బాతు

మా క్లబ్బులో వెనెతా లేచి నిలబడిందంటే పేకముక్కలు బల్ల మీద బోర్లా పడేవి. చేతులతో చెప్పే కథకు రెండు కళ్ళూ అప్పగించాలి. ఒక కన్ను ఆట మీదా ఒక కన్ను కథ మీదా పెడతానంటే కుదరదు. నేను వినికిడి ఉన్నదాన్నే. నా భర్త మెతోదికి మాత్రం పుట్టుకతో వినపడదు. పెళ్ళయిన కొత్తలో అతని వెంట బల్గేరియాలో మా రూసె ఊళ్ళోని ఆ బధిరుల క్లబ్బుకు వెళ్ళి, గోడవారగా కూర్చుని, గాలిలో ఆడుతున్న అన్ని చేతుల్ని చూసి బిక్కమొహం వేసేదాన్ని. నాకు వాళ్ళ భాష అబ్బింది వెనెతా కథల వల్లనే. ముందు నవ్వొచ్చేది, ఎందుకు నవ్వానో కాసేపటికి తెలిసేది.

అప్పట్లో ఆమె మా క్లబ్బువాళ్ళు నడిపే కుట్టు సహకార సంఘంలో కాలర్లు కుట్టేది. భర్త కూడా అక్కడే బట్ట కత్తిరించేవాడు. అతను గుండె ఆగి పోయాడు, ఆ తర్వాత కొన్నాళ్ళకు సంఘమూ మూతపడింది. పిల్లలు లేరు. అప్పుడు అక్క యోర్దాంకా వచ్చి, చెల్లెలి మంచం, కుట్టుమిషను లారీలో వేయించి, డాన్యూబ్ నది ఒడ్డునున్న తన రెండు గదుల ఇంటికి తీసుకుపోయింది. యోర్దాంకా పెళ్ళి చేసుకోలేదు. బడిలో బల్గేరియన్ భాష చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మంది ఆమె చేతి కింద చదివినవాళ్ళే కాబట్టి అందరికీ ఆమె టీచరమ్మే.

టీచరమ్మ చెల్లెల్ని బాగా చూసుకుంది. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత చెప్పేదంతా తప్పుగా అర్థమవుతుంది. డాక్టరు దగ్గరికి, పింఛను ఆఫీసుకి, కరెంటు మనిషి దగ్గరికి, ఎక్కడికైనా తనే ముందు నడిచేది. "ఎక్కడమ్మా నొప్పి?" అని డాక్టరు వెనెతాను అడిగితే జవాబు టీచరమ్మ చెప్పేది. చెల్లెలికి వంట్లో బాగాలేకపోతే రాత్రంతా మంచం పక్కన కుర్చీలోనే కునికేది. కానీ సైగల భాష మాత్రం నేర్చుకోలేదు. చిన్నప్పుడు ఇంట్లో పుట్టిన గుప్పెడు సైగలుండేవి: రొట్టె, నిద్ర, చలి, నాన్న, వద్దు. ఆ గుప్పెడుతోనే జీవితం వెళ్ళదీశారు. అంతకు మించిన మాటేదైనా వస్తే కాగితం, పెన్సిలు.

ఒక చలికాలం వెనెతాకు టీవీ చూసి చూసి విసుగుపుట్టి, తను చదివిన హాస్టలు బడి కథలు కాగితాల మీద పెట్టడం మొదలుపెట్టింది. ఆ బడిలో పిల్లలకు చదువుకన్నా గొంతు పలికించడమే పెద్ద పని. పంతులు తన గొంతు మీద పిల్లల వేళ్ళు పెట్టించుకుని 'ర' అనమనేవాడు. సైగ చేస్తే వాళ్ళ చేతుల మీదే వాళ్ళను కూర్చోబెట్టేవాళ్ళు. అందుకని వెనెతాకు అక్షరాలు వచ్చు గాని వాక్యం చేతుల వరసలో నడుస్తుంది. 'నాన్న వచ్చె. మంచు. కోటు లోపల బాతు.' ఇలా ఉంటుంది. మా వాళ్ళు చదివితే అందులో ఆమె చేతులు కనిపిస్తాయి. టీచరమ్మ చదివితే తప్పులు కనిపించాయి.

కానీ తప్పులు చూసి కోప్పడలేదు, ఏడ్చింది. చెల్లెలు మనసులో ఇంత బాధ మోస్తోందని తనకెప్పుడూ తెలియలేదట. ఎర్ర పెన్సిలు తీసుకుని దిద్దడానికి కూర్చుంది. అర్థమైన చోట పెంచింది, అర్థంకాని చోట వదిలేసింది. ఏడాది తిరిగేసరికి పుస్తకం వచ్చింది, పేరు 'వినపడని మంచు'. అట్ట మీద వెనెతా పేరొక్కటే ఉంది. తన పేరు వేయించుకోనంది టీచరమ్మ. చెల్లెలికి తన చేత్తో ఇస్తున్న కానుక అనుకుంది.

వెనెతా ఆ పుస్తకాన్ని మెల్లగా, వేలు పెట్టి చదివింది. చదివి క్లబ్బు వంటగదిలో నా దగ్గరికొచ్చి ఒక మాట మీద గోరుతో గీసింది.

"ఈ 'నిశ్శబ్దం' పేజీకోసారి ఉంది. ఏమిటిది?"

చప్పుడు లేకపోవడమని చెప్పాను.

"అది నాకెలా తెలుస్తుంది? వినేవాళ్ళకు తెలియాలి గాని." ఇంకో పేజీ తిప్పింది. "ఈ ఏడ్చే పిల్ల ఎవరు? ప్రతి కథలోనూ కిటికీ దగ్గరే ఉంటుంది."

"నువ్వేనట."

ఆమె నవ్వలేదు. పుస్తకం మూసి, అట్ట మీద పడ్డ పిండి తుడిచి, సంచిలో పెట్టుకుంది.

పుస్తకం నలుగురి నోళ్ళలో పడింది. పత్రికల్లో రాశారు. ఆ మరుసటి ఏడు బధిర రచయితల సాహిత్య పండుగ మా ఊళ్ళోనే జరపాలని రాజధానిలోని ఒక సంస్థ నిర్ణయించింది. దానికోసం ఎక్కువ తిరిగింది దెల్యాన్. మా క్లబ్బు కుర్రాళ్ళలో అతను కవి. చేతులతో కవిత్వం కడతాడు, కలంతోనూ రాస్తాడు, ప్రెస్సులో పని చేస్తాడు. ఎన్ని ఆఫీసుల గుమ్మాలు ఎక్కాడో, ఎన్నిచోట్ల అతని బదులు పక్కనున్న వినేమనిషితోనే మాట్లాడారో మేం చూశాం. పండుగకు ముఖ్య అతిథి వెనెతా. ఫొటో తీసేవాడు ఆమెను నది ఒడ్డున నిలబెట్టి, అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని దూరంగా చూడమన్నాడు. బస్టాపుల నిండా ఆ ఫొటోయే. దారినపోయేవాళ్ళు ఆపి చేతులు పట్టుకునేవాళ్ళు, కళ్ళు తడిచేసుకునేవాళ్ళు. సంతలో జున్ను అమ్మే ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని ఒక ముక్క ఎక్కువ కోసి పెట్టేది. వెనెతా తలాడించి తీసుకునేది. ఏం చేస్తుంది మరి? నేను ఆ పిల్లను కాదని వాళ్ళకు ఏ భాషలో చెబుతుంది?

పండుగ దగ్గరపడ్డాక ఆమెకు నిద్ర కరువైంది. ఒక గురువారం దెల్యాన్‌ను వంటగదిలోకి లాగి, పుస్తకంలో వాక్యాలు తనవి కావని చెప్పేసింది. నేను కప్పులు కడుగుతున్నాను, చూశాను. అతని మొహం పాలిపోయింది. తలుపు వేసి వచ్చాడు.

"పిన్నీ, ఇప్పుడు చెప్పొద్దు. చెవిటివాళ్ళు పుస్తకాలేంటి, ఎవరో వినేవాళ్ళు రాసిచ్చి ఉంటారని ఇప్పటికే అంటున్నారు. ఆ మాట నీ చేతుల్తో నువ్వే అంటే మా అందరివీ దొంగ పుస్తకాలైపోతాయి."

"మరి ఎప్పుడు చెప్పాలి?"

అతను ఆమె భుజం తడిమి వెళ్ళిపోయాడు.

అటు అక్క, ఇటు మా వాళ్ళు. చెబితే అక్క పరువు పోతుంది, మా వాళ్ళ నోట్లో మట్టి పడుతుంది. చెప్పకపోతే బతికున్నంతకాలం కిటికీ దగ్గర ఏడుస్తూ కూర్చోవాలి. బుగ్గలు చిక్కిపోయాయి. మెతోది ఆమెను చూసి, సీసాలో పడ్డ తేనెటీగలా ఉందన్నాడు. అన్నివైపులా వెలుగే, బయటికి దారి లేదు.

చివరికి తన దారి తనే కనిపెట్టుకుంది. పండుగలో ఆమె ఒక అధ్యాయం సైగలతో చెబుతుంది, దుబాసీ గెర్గానా దాన్ని మైకులో వినిపిస్తుంది. ఇదీ ఏర్పాటు. గెర్గానా తల్లిదండ్రులు ఇద్దరూ బధిరులు, సైగలు ఆమెకు ఉగ్గుపాలతో వచ్చిన భాష. అయినా తేడా రాకూడదని నిర్వాహకులు ఆమె చేతికి అచ్చు కాగితాలు ఇచ్చి, ఉన్నదున్నట్టు చదవమన్నారు. ఆ సంగతి తెలిశాక వెనెతా తేలికపడింది.

"నువ్వు కాగితం చదువు. నా చేతులు చూడకు," అంది గెర్గానాతో.

"చూడకుండా ఉండటం నావల్ల కాదక్కా."

"అయితే చూడు. కానీ చదివేది కాగితమే."

గెర్గానాకు అప్పుడు అర్థం కాలేదు.

థియేటరు చిన్న హాల్లో కుర్చీలన్నీ నిండాయి. వేదిక బాగా కనబడాలని ముందు వరసలన్నీ మా వాళ్ళకు వదిలారు, వెనక వరసలు ఊళ్ళోవాళ్ళవి. వినేవాళ్ళలో నేను కాక టీచరమ్మ ఒక్కతే ముందు వరసలో కూర్చుంది, ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకుని. దెల్యాన్ తన కవిత్వంతో మొదలుపెట్టాడు. తర్వాత వెనెతా వచ్చింది. నీలం గౌను తనే కుట్టుకుంది. చేతులు ఒకసారి గౌనుకు తుడుచుకుని మొదలుపెట్టింది.

సెలవలకు తండ్రి బడికొచ్చి కూతుర్ని తీసుకెళ్ళే కథ అది. మైకులో గెర్గానా గొంతు వినిపించింది. గేటు అవతల నాన్న నన్ను పిలుస్తున్నాడు, ఆ పిలుపు మంచులో పడి కరిగిపోయింది, నేను కిటికీ దగ్గర నిశ్శబ్దంగా... అంటూ సాగింది. వెనక వరసల్లో అప్పుడే ఒకావిడ రుమాలు తీసింది.

వెనెతా చేతుల్లో నడుస్తున్న కథ వేరు. తండ్రి హెడ్మాస్టరుకు కానుకగా ఒక బతికున్న పెద్దబాతును కోటులో దాచుకుని రైల్లో తెచ్చాడు. చలికి రెండు గుక్కల రకియా సారా కూడా పట్టించి ఉన్నాడు. హెడ్మాస్టరుకు వంగి దణ్ణం పెట్టేసరికి కాలరులోంచి బాతు మెడ బయటికొచ్చి ఆయన ముక్కు దాకా సాగింది. వెనెతా ముంజెయ్యి మెడైంది, వేళ్ళు దాని ముక్కు అయ్యాయి, ఆ ముక్కు అటూ ఇటూ తిరిగి హెడ్మాస్టరు మీసాన్ని పరీక్షగా చూసింది. ముందు వరసలు గొల్లున నవ్వాయి. బాతు తప్పించుకుని ఆడపిల్లల పడకగదిలోకి దూరింది. సైగ చేస్తే చేతుల మీద కూర్చోబెట్టిన ఆ హెడ్మాస్టరే మంచం ఎక్కి రెండు చేతులూ ఊపుతూ అటు పో, తలుపు మూయి, దాన్ని పట్టు అని చెప్పాడు. "ఆయన చెప్పిన మాటల్లో మాకు మొదటిసారి అర్థమైనవి అవే," అంది వెనెతా. మెతోది కడుపు పట్టుకున్నాడు. అతను చదివింది కూడా ఆ బడే.

వినేవాళ్ళు బిత్తరపోయారు. మైకులో పిల్ల ఏడుస్తోంది, ముందున్న చెవిటివాళ్ళేమో కాళ్ళు నేలకేసి కొట్టి నవ్వుతున్నారు. రుమాలు తీసినావిడ దాన్ని ఏం చెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుంది. నాకు రెండు కథలూ ఒకేసారి తెలుస్తున్నాయి, చెవికొకటి, కంటికొకటి. నవ్వాలో ఏడవాలో తెలియక దవడలు నొప్పెట్టాయి.

గెర్గానా గొంతు తడబడింది. వాక్యం సగంలో ఆపి వెనెతావైపు చూసింది. వెనెతా కథ ఆపకుండానే, చదువు అన్నట్టు గడ్డంతో సైగ చేసింది. ఆమె మళ్ళీ అందుకుంది, కానీ ఆ గొంతులో మంచు లేదు. పేజీ మీద వేలు పెట్టి అనుసరిస్తున్న టీచరమ్మ తలెత్తింది. చెల్లెలి ముంజెయ్యి మెడలా సాగడం చూసింది. పుస్తకం మూసేసింది.

తర్వాత ప్రశ్నలకు సమయమిచ్చారు. వెనక వరసలో లేచిన ఒక ప్రొఫెసరుగారు మర్యాదగానే అడిగారు. ఇంత బాధాకరమైన ఘట్టానికి మీవాళ్ళు ఎందుకు నవ్వారు, ఇందులో మాకు తెలియనిదేమైనా ఉందా అని. గెర్గానా ఆ ప్రశ్నను చేతుల్లోకి మార్చింది. హాలంతా వెనెతావైపు చూసింది. దెల్యాన్ కుర్చీ అంచుకు జరిగాడు. టీచరమ్మ మాత్రం ఒళ్ళోని పుస్తకం వైపే చూస్తూ ఉండిపోయింది.

వెనెతా చిన్నగా చేతులు కదిపి చెప్పింది.

"ఆ రోజు అక్కడ ఒక బాతు కూడా ఉంది. పుస్తకంలో దాన్ని వదిలేశాం. మా అక్కకు బాతులంటే పడదు."

గెర్గానా పలికింది. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ప్రొఫెసరుగారు కూడా నవ్వి కూర్చున్నారు. పూలగుత్తులు ఇచ్చారు, ఫొటోలు తీశారు. బయటపడ్డట్టే అనుకున్నాం మేమంతా. ఫొటోల్లో వెనెతా మొహం చూస్తే మాత్రం అలా అనిపించదు. తలుపు దాకా వచ్చి గడియ బయట ఉందని తెలుసుకున్న మనిషిలా ఉంది.

మర్నాడు పొద్దున టీచరమ్మ నాకు ఫోన్ చేసింది. "రోసిత్సా, ఒకసారి రాగలవా. మా చెల్లితో మాట్లాడాలి," అంది. ఒక కంచంలో తినే అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకోవడానికి మూడో మనిషిని పిలిపించుకున్నారు. వెళ్ళాను. వంటింట్లో బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. పూలగుత్తులు సింకులో నీళ్ళలో ఉన్నాయి. నన్ను మధ్యలో కూర్చోబెట్టి టీచరమ్మ కాఫీ పోసింది, ఎవరూ తాగలేదు.

"నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది. ఎందుకో అడుగు," అంది నాతో.

"నన్ను అడగకండి టీచరమ్మా. ఆమెవైపు చూసి ఆమెనే అడగండి. నేను పలుకుతాను."

ఆమెకది కష్టమైంది. మొహం తిప్పుకుని చెల్లెల్ని చూసింది.

"నీ వాక్యాలు అలాగే అచ్చేస్తే జనం నవ్వేవాళ్ళే."

"నవ్వారు. నాకు బాగుంది," అంది వెనెతా.

"నీ కోసం చేశాను. నాకోసమా?"

"నాకోసమేనక్కా. కాని నేను అలా లేను. నువ్వు రాసిన చెల్లెలు చక్కగా ఏడుస్తుంది. అందరికీ అదే కావాలి. నేను వీధిలోకెళ్తే దాన్నే పలకరిస్తున్నారు."

టీచరమ్మ పెదవి కొరుక్కుంది. "అయితే ఇది మా అక్క రాసిందని చెప్పెయ్. నేను తట్టుకుంటాను."

"చెప్పలేను. చెబితే చెవిటివాళ్ళకు రాయడం రాదంటారు. దెల్యాన్ ఏమైపోవాలి? నువ్వు కానుక ఇచ్చావు, నేను దాంట్లో ఇరుక్కున్నాను. ఇప్పుడు నువ్వూ ఇరుక్కున్నావు."

కిటికీ కింద బస్సు వెళ్ళింది, బల్ల మీది కప్పులు సన్నగా అదిరాయి. వెనెతా తన కప్పును అరచేత్తో ఆపింది. టీచరమ్మ వేరే గొంతుతో అడిగింది.

"ఆ బాతు నిజంగా గదిలోకి పారిపోయిందా? నాన్న ఇంటికొచ్చి, హెడ్మాస్టరు సంతోషంగా పుచ్చుకున్నాడని చెప్పాడే. నీ కాగితంలో బాతు పరుగు అని చూసి నువ్వు ఏదో తికమకపడి రాశావనుకున్నాను."

వెనెతా లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి జరిపి, చోటు చేసుకుని, మొత్తం కథ మళ్ళీ చెప్పింది. ఈసారి నేను వాక్యం వాక్యం వెంటపడి పలికాను. రైల్లో టిక్కెట్ల మనిషికి అనుమానం రాకుండా నాన్న బాతు అరిచినప్పుడల్లా దగ్గడం, బాతు చివరికి వెనెతా మంచం కిందే దొరకడం, దాన్ని పట్టుకున్నాక నాన్న నేల మీద చతికిలబడి, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేసి నవ్వడం. వెనెతా ఆ భుజాలను అచ్చంగా చూపించింది.

టీచరమ్మ నోటి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"నాన్న నవ్వాడా?"

"కళ్ళలో నీళ్ళొచ్చేలా."

"నేనెప్పుడూ చూడలేదు," అంది టీచరమ్మ. "మన ఇంట్లో నాన్న ఎప్పుడూ నవ్వలేదు."

నేను ఆ మాటను చేతుల్లో పెట్టాను. వెనెతా అక్కవైపు చూస్తూ కుర్చీలో కూర్చుంది.

మధ్యాహ్నం దాకా ఉన్నాను. మెతోది భోజనానికి వస్తాడని లేచాను. గుమ్మం దగ్గర కోటు వేసుకుంటూ వెనక్కి చూస్తే ఇద్దరూ బల్లకు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. ఇద్దరి మొహాల్లోనూ ఇంకా చాలా ఉంది. చెప్పుకునేందుకు ఆ గుప్పెడు సైగలే ఉన్నాయి. ఉండిపోదామా అనిపించింది. కానీ ఎన్నాళ్ళని ఉంటాను? తలుపు దగ్గరికి లాగి మెట్లు దిగాను.

ఆ ఏటి చలికాలం నుంచి టీచరమ్మ క్లబ్బుకు రావడం మొదలుపెట్టింది. కొత్తవాళ్ళకు సైగలు నేర్పే తరగతిలో, మనవల వయసువాళ్ళ మధ్య ముందు బల్ల మీద కూర్చునేది. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర తిరిగి ఉండటం వల్ల ఆమె సైగల్లో ఒకటి చెప్పబోతే ఇంకోటి అవుతుంది. ఒకసారి జున్ను కొనుక్కొచ్చానని చెప్పబోయి ఏదో అనరాని మాట అనేసింది, క్లబ్బంతా నవ్వింది. ఆమె ఎర్రబడి ఆ రోజు తొందరగా వెళ్ళిపోయింది, కానీ మళ్ళీ గురువారానికి వచ్చింది. వెనెతా కథ చెబుతుంటే అందరికంటే ఆలస్యంగా నవ్వుతుంది, కొన్నిసార్లు అసలు నవ్వదు. ఏం చెబుతోందని నా మోచెయ్యి పొడుస్తుంది. నేను కథ తప్పిపోతుందని తర్వాత చెబుతానంటాను.

పుస్తకం రెండోసారి అచ్చయింది. ఒక్క అక్షరం మారలేదు. బాతు అధ్యాయం కలుపుదామని ప్రచురణకర్త అడిగితే వెనెతా ఒప్పుకోలేదు. ఆ బాతును కాగితం మీదికి రానివ్వనంది. దెల్యాన్ మాత్రం కెమెరా పట్టుకొచ్చి ఆమె కథలు ఒక్కొక్కటే తీస్తున్నాడు. కింద అక్షరాలు వేద్దామా అంటే వద్దంది. చూడగలిగినవాళ్ళు చూస్తారంది. అంటే మా వాళ్ళు చూస్తారు, అంతే.

బస్టాపుల్లో ఆ ఫొటో ఎండకు వెలిసిపోయి రాలింది. బడులవాళ్ళు మాత్రం పిలవడం మానలేదు. మొన్న పక్క ఊరి పిల్లలు పిలిస్తే వెనెతా నీలం గౌను ఇస్త్రీ చేసుకుని వెళ్ళింది. గెర్గానా అచ్చు కాగితాలు చదివింది. ఆ హాల్లో వినపడనివాళ్ళు ఒక్కరూ లేరు. వెనెతా ఆ రోజు పుస్తకంలో ఉన్నదే చెప్పింది.